కౌమారమున కలుగు ఇష్టము – మర్యాదయు, హద్దును

పదునాలుగు, పదునైదేండ్ల ప్రాయమునందున్న బాలునికిగాని, బాలికకుగాని, తరగతిలోని ఒకరిపై ప్రత్యేకమైన ఇష్టము కలుగుట లోకసహజము. ఆ ఒకరు గదిలోనికి వచ్చినప్పుడు మనస్సు ఉలికిపడును. రానినాడు దినమంతయు వెలితిగా తోచును. ఇది ఎవరో నేర్పగా వచ్చునది కాదు; వలదన్నంతనే పోవునదియు కాదు. అట్టి భావము కలిగినంతమాత్రమున పిల్లలను దోషులనుట న్యాయమా? దోషము కాదన్నచో, వారిని వారి దారికి విడిచిపెట్టుట క్షేమమా? ప్రతి గృహమునను ఏదో ఒకనాడు ఎదురగు ఈ ప్రశ్నకు పెద్దలు చాలచోట్ల ఆలోచనతో గాక ఆగ్రహముతో సమాధానము చెప్పుచున్నారు.

ఒక సన్నివేశమును ఊహింపవచ్చును. పదవ తరగతి చదువు బాలుడొకడు తోటి విద్యార్థిని నోటుపుస్తకములో ఒక చీటి ఉంచెను. ఆమెకు ఆ సంగతియే తెలియదు. ఇంటిలో ఆ పుస్తకము అన్నగారి కంటబడినది. ఆ రాత్రి ఆ యింట అన్నము ముట్టినవారు లేరు. మరునాటినుండి బాలికను బడి మానిపించిరి. వేసవిలోగా సంబంధము చూడవలెనని పెద్దలు తలపోసిరి. బాలుని తండ్రి వానిని నలుగురిలో కొట్టి, అంతటితో తన బాధ్యత తీరినదనుకొనెను. నెల తిరుగకముందే వాడు బడికి మరలెను. ఆమె మరలలేదు.

చీటి వ్రాసినది ఒకరు. చదువు కోల్పోయినది మరియొకరు. ఇట్టి తీర్పు ఏల కలిగినది? ఆ యింటివారు విచారించినది పిల్లల నడవడిని గాదు, నలుగురి నోటిని. ‘ఎవరికైన అన్యాయము జరిగినదా?’ అని అడుగవలసినచోట ‘ఎవరికైన తెలిసినదా?’ అని అడిగిరి. ప్రశ్న తప్పినందున తీర్పు తప్పినది.

కావున మొదట గ్రహింపవలసినది భావమునకును, నడవడికిని గల భేదము. భావము పిలువని అతిథివలె వచ్చును. కౌమారమున దేహమునందు కలుగు మార్పులు దానికి కారణము. ఆవేశమును అదుపుచేయు మెదడు ముందుభాగము ఇరువదియేండ్లు దాటిన పిమ్మటగాని పూర్తిగా పరిణతి చెందదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అనగా ఆ వయస్సున ఉత్సాహము ముందు పుట్టును, వివేకము వెనుక నడచివచ్చును. ఇందు సిగ్గుపడవలసినది లేదు. కాని వచ్చిన భావముతో ఏమి చేయవలెనన్నది మాత్రము మనిషి చేతిలోనిది. ధర్మాధర్మ విచారణ అక్కడనే ఆరంభమగును.

ఆ విచారణకు మూలసూత్రమొక్కటే. ఇష్టము అప్పు కాదు. ఒకరు మరియొకరిని ఇష్టపడినంతమాత్రమున ఎదుటివారు తీర్చవలసిన బాకీ ఏదియు ఏర్పడదు. ‘ఇంతగా తలంచుచున్నానే, ఆమె ఒక్క మాటయైనను పలుకదేమి?’ అని బాలుడు బాధపడవచ్చును, బాధ నిజమే. కాని ఆ బాధ హక్కు కాజాలదు. మౌనము అంగీకారము కాదు. చిరునవ్వు వాగ్దానము కాదు. ‘నాకిష్టము లేదు’ అన్న మాట ఒక్కసారి వినబడినచో అది ముగింపే గాని, బేరమునకు ఆరంభము కాదు. వెంటబడి, వేధించి, తుదకు నాయిక మనస్సు గెలుచు నాయకులను వెండితెరపై ఎన్నియో యేండ్లుగా చూచిన పిల్లలకు ఈ మాట ఇంటిలోనే నేర్పవలసియున్నది. 2008 డిసెంబరులో వరంగల్లున ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై ఆమ్లము చల్లిన ఘోరమునకు తిరస్కారమును సహింపలేని కక్షయే కారణమని నాడు వెల్లడియైనది. వారిలో ఒకరు ప్రాణము కోల్పోయిరి. ఇష్టమును హక్కుగా భావించు బుద్ధి పోగా పోగా ఎచ్చటికి చేరునో చెప్పుటకు ఈ ఒక్కటి చాలును.

శరణుల చరిత్రలో ఈ సూత్రమునకు మహోజ్జ్వలమైన నిదర్శనము గలదు. పండ్రెండవ శతాబ్దమున ఉడుతడిలో జన్మించిన అక్కమహాదేవిని కౌశికరాజు కామించెననియు, అధికారము, ఐశ్వర్యము చూపినను ఆమె మనస్సు మారలేదనియు, తుదకు సర్వము విడిచి కల్యాణమునకు నడచిపోయెననియు సంప్రదాయము చెప్పుచున్నది. వివరములందు పురాణకర్తలు భేదించినను సారము ఒక్కటే. కోరినవాడు రాజైనను, కాదనుటకు ఆమెకు అధికారము గలదు. ఆ తిరస్కారమును తప్పుపట్టక, అనుభవమంటపమున అల్లమప్రభువు, బసవేశ్వరుడు మొదలగు శరణులు ఆమెను గౌరవించి ‘అక్క’ యనిరి. ఆమెను పూజించు గృహములందు ఒక బాలిక ‘కాదు’ అను మాటకు విలువ లేకపోవుట పొసగునా?

ఇక ఆచరణలో హద్దులెట్టివి? ఇష్టము కలిగినచో దానిని మనస్సున నిలుపుకొనుట పిరికితనము కాదు. మిత్రులకు చెప్పి, వారి పరిహాసములకు ఎదుటివారి పేరును వస్తువుగా చేయుట, గోడలపైనను బల్లలపైనను రెండు పేర్లు కలిపి వ్రాయుట మర్యాద కాదు. వీధి మలుపున కాచియుండుట, రాత్రివేళ సెల్‌ఫోనులో మాటిమాటికి సందేశములు పంపుట, అడుగకుండ ఫోటోలు తీయుట, ఉన్న ఫోటోలను ఇతరులకు పంపుట కూడదు. ఇవి మర్యాదకు సంబంధించినవి మాత్రమే కావు. భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను ప్రకారము, స్త్రీ తనకిష్టము లేదని స్పష్టపరచిన పిమ్మటను పదేపదే వెంటబడుట నేరము. 2012 నాటి పోక్సో చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగానే పరిగణించుచున్నది; ఆ వయస్సువారి విషయమున లైంగిక చర్యకు ఇరువురి సమ్మతియున్నదన్న వాదము చెల్లదు. ఇరువురికిని ఇష్టమున్నప్పుడైనను స్నేహము నలుగురి నడుమ, చదువు నడుమ, వెలుగులో నిలుచుట క్షేమకరము.

కాదనువారికిని ఒక ధర్మము గలదు. స్పష్టముగా చెప్పవలెను, కాని ఆ చీటిని తరగతిలో చదివి నవ్వించుట తగదు. ధైర్యము చేసి చెప్పినవాని హృదయమును నలుగురిలో నలిపివేయుటయు హింసయే. అయినను చెప్పిన పిమ్మట వేధింపు ఆగనిచో మొగమాటము వలదు. తల్లిదండ్రులకో ఉపాధ్యాయులకో వెంటనే తెలుపవలెను. పిల్లల సహాయమునకు 1098 అను ఫోను సంఖ్యయు గలదు. ‘నీవు కాదన్నచో చనిపోదును’ అను మాటకు జడిసి సమ్మతింపవలసిన పనిలేదు. అది బలవంతము. ఐనను ఆ మాట పలికినవాని ప్రాణము కూడ విలువైనదే. దానిని పెద్దలకు చేర్చుట ఇరువురికిని మేలు.

పెద్దల ధర్మము అన్నింటికంటె గురుతరమైనది. విన్నంతనే చేయి యెత్తుటయు, ‘ఏ కులమువాడు?’ అని మొదట అడుగుటయు పిల్లల నోటికి తాళము వేయును. తాళము పడిన నోరు ఆపద వచ్చిననాడును తెరువబడదు. బాలిక చదువు మానిపించుట రక్షణ కాదు, శిక్ష. 18 ఏండ్లు నిండని కూతునకు వివాహము తలపెట్టుట 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టమునకును విరుద్ధము. కొడుకును కొట్టిన తండ్రి వానికి భయము నేర్పెను గాని గౌరవము నేర్పలేదు. భయము దండము కనబడినంతసేపే యుండును.

పైన చెప్పిన యింట ఆ రాత్రి మరియొక విధముగ గడచియుండవచ్చును. అన్నగారు చీటిని తల్లికిచ్చి, తల్లి కూతును ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ‘తల్లీ, ఈ చీటి సంగతి నీకు తెలియునా? నీ మనస్సున నేమున్నది?’ అని అడిగినచో చాలియుండెడిది. తండ్రి మరునాడు బాలుని తండ్రిని చూచి నెమ్మదిగా విషయము తెలిపియుండెడివాడు. ఆ తండ్రి కొడుకుతో, ‘నీకు కలిగిన ఇష్టము తప్పు కాదు నాయనా, ఆ అమ్మాయి పుస్తకమును ఆమె అనుమతి లేకుండ తెరచుట తప్పు. ఇక ఆమె జోలికి పోవలదు’ అనియుండెడివాడు. బాలుడు సిగ్గుపడియుండును, నేర్చుకొనియుండును. బాలిక యెప్పటివలె పుస్తకములు పుచ్చుకొని బడికి పోయియుండును.