రాముడి సినిమాను ఏ తూకంతో తూచాలి?

రాయ్‌పూర్ దగ్గరి చంద్‌ఖురిలో కౌసల్యకు గుడి ఉంది. ఆమెను తమ ఆడపడుచుగా భావించే ఛత్తీస్‌గఢ్ జనానికి రాముడు మేనల్లుడు. 2023లో ‘ఆదిపురుష్’ సినిమాలో ఆంజనేయుడి మాటలు విని అక్కడివాళ్లు నొచ్చుకున్నారంటే, నాటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ సైతం తప్పుపట్టారంటే ఆశ్చర్యమేముంది? భక్తుడి బాధ సినిమాకు కొలమానమవుతుందా అంటే, విమర్శకు అవుతుంది, నిషేధానికి కాదంటాను. కథను మార్చడమే అపచారమైతే, అలాంటి మార్పులున్న రంగనాథ రామాయణాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లమా? బాపు ‘సంపూర్ణ రామాయణం’లో ఎస్వీ రంగారావు రావణుడికి కూడా ఎంతో హుందాతనం ఉంది. ‘ఆదిపురుష్’లో లోపించింది ఆ హుందాతనమే.

సినిమాతో దేవుడు చిన్నబోతాడా అని కొందరు అడుగుతారు. చిన్నబోడు, నిజమే. కానీ హనుమంతుణ్ణి తొలిసారి తెరమీదే కలిసే పిల్లలున్నారు. వాళ్లకు ఆ మాటలే ఆయన స్వభావమవుతాయి. నిర్మాతలు కొద్ది రోజుల్లోనే సంభాషణలు మార్చారు. ప్రేక్షకుల అసంతృప్తికి తలొగ్గి మార్చడం నాకు ఎంతో నచ్చింది.