కళింగపట్నం ఇసుకలో ఒక ఆదివారం

సంక్రాంతి వెళ్లాక వచ్చిన ఆదివారం, నరసన్నపేట నుంచి నలుగురు స్నేహితులం తెల్లవారకముందే కళింగపట్నం చేరాం. వంశధార సముద్రంలో కలిసే చోటు. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఇప్పుడు లైట్‌హౌసూ, ఇసుకా, గాలీ.

సరుగుడు నీడలో టార్పాలిన్ కట్టి, ఏటి మొగలో గాలాలేశాం. ఉప్పునీరూ మంచినీరూ కలిసేచోట చేపకు మేత ఎక్కువంటారు. మా గాలాలకు మాత్రం నాచే తగిలింది. వల బాగుచేసుకుంటున్న తాత ఒకాయన నవ్వి, "ఏటి బాబూ, అలా గోల సేస్తే సేప ఒస్తాదేటి?" అన్నాడు. నోళ్లు మూశాం. అలల చప్పుడు అప్పుడు గానీ వినబడలేదు.

తాత లాంటి వాళ్లకు వేట లేని రోజులూ ఉంటాయి. ఈ తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజను పడవలు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమది. మాకు ఒక్కరోజు ఖాళీ అంటే సరదా. తాత ఇంట్లో ఆ రెండు నెలల ఖాళీకి బియ్యం లెక్క చూసుకోవాలి.

మధ్యాహ్నం ఆయన దగ్గరే కవళ్ల చేపలు కొని పులుసు పెట్టాం. ఉప్పు మరిచిపోయాం, అదీ సముద్రం పక్కన కూర్చుని! తాత ఇంటి నుంచే చిటికెడు తెచ్చుకున్నాం.