వాయు ఋణము

మానవుడు పుట్టుకతోనే ఋణగ్రస్తుడని శాస్త్రములు బోధించుచున్నవి. యజ్ఞముచేత దేవ ఋణమును, అధ్యయనముచేత ఋషి ఋణమును, సత్సంతానముచేత పితృ ఋణమును తీర్చుకొనవలెనని పెద్దల మాట. ఈ మూడును ముందువారికి తీర్చవలసిన బాకీలు. ఇవిగాక, ఇంకను పుట్టనివారి నెత్తిన గృహస్థుడు పెట్టిపోవు ఋణ మొకటి గలదు. అది వాయు ఋణము.

తైత్తిరీయోపనిషత్తు వాయువును ప్రత్యక్ష బ్రహ్మముగా కొనియాడినది. మూర్తిని దర్శించుటకు ఆలయమునకు పోవలెను. వాయువు అట్లు కాదు. నిద్రించువానిని సైతము విడువక, లోపలను వెలుపలను తానై నిలుచును. ఉదయమున ప్రాణాయామముతో ఆ దేవుని అర్చించిన గృహస్థుడే, గంట తిరుగకమునుపే బండి నెక్కి ఆ దేవుని ముఖమున పొగ ఊదుచున్నాడు. ఇది తెలిసి చేయు అపచారము కాదు; లెక్క చూచుకొననందువలన జరుగు అపచారము.

ఆ లెక్క ఎట్టిదో చూతము. హైదరాబాదులో తార్నాక నివాసియైన ఒక గృహస్థుని ఊహించుకొందము. ఆయన పని ఉస్మానియా విశ్వవిద్యాలయమున. ఇంటికి రెండు కిలోమీటర్ల దూరము. ప్రతిదినము కారులో పోయివచ్చును. ఏడాదికి 300 దినములైన 1200 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున 80 లీటర్ల పెట్రోలు. లీటరు పెట్రోలు మండిన సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు పుట్టును. ముప్పాతిక కిలో తూగు పెట్రోలునుండి అంత బరువు ఎట్లు వచ్చినదని సందేహము కలుగవచ్చును. పెట్రోలులోని కర్బనము గాలిలోని ప్రాణవాయువును తనలో కలుపుకొనుటయే దానికి కారణము. ఈ విధముగా ఏడాదికి 184 కిలోలు. అర్ధగంటలో నడచి చేరదగిన దారికి ఇంత!

ఆయన కుమారుడు హైటెక్ సిటీలో ఉద్యోగి. సుమారు 20 కిలోమీటర్ల దారి; మోటారు సైకిలుపై రాకపోకలు. లీటరుకు 50 కిలోమీటర్లు నడచినను, 250 దినములకు 200 లీటర్లు. అనగా 460 కిలోల వాయువు. ఒక ఇంటివలన ఇట్లు గాలిలో చేరు మొత్తమును కర్బన పాదముద్ర అని శాస్త్రజ్ఞులు అందురు. చిత్రమేమనగా, పాదములతో నడచువానికి ఈ పాదముద్ర లేనట్లే. పాదము నేల మోపక తిరుగువానికే అది పెద్దది.

పొగలోని మసి కూడలిలో నిలిచిన పోలీసు, పూలమ్ము ముదుసలి, బస్సుకై వేచిన పిల్లవాడు పీల్చుచున్నారు. కంటికి కనబడని బొగ్గుపులుసు వాయువులో చాల భాగము శతాబ్దముల తరబడి ఆకాశమున నిలిచి భూమిని వేడెక్కించుచుండును. తాత చేసిన అప్పునకు మనుమడు వడ్డీ కట్టుట లోకములో ఉన్నదే. అయితే ఆ అప్పునకు పత్రమైనను ఉండును, సాక్షులైనను ఉందురు. ఈ అప్పునకు అవి లేవు. దేవతలిచ్చినదానిని అనుభవించి తిరిగి ఏమియు సమర్పింపనివాడు దొంగయని భగవద్గీత తృతీయాధ్యాయము హెచ్చరించినది. పుట్టని బిడ్డ గాలిని వాడుకొన్నవానిని మరేమనవలెను?

తరణోపాయము దూరమున లేదు. 1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయపు చెట్లనీడలో నడచుటకు చాలినంత దారి గలదు. ప్రాంగణము ప్రక్కనే ఆర్ట్స్ కాలేజీ స్టేషనున్నది. 2003లో ప్రారంభమైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు దానిమీదుగా పోవును. తార్నాకకు 2017లో మెట్రో రైలు వచ్చినది. 2019లో అది హైటెక్ సిటీ దాక సాగినది. 2023 డిసెంబరులో ఆర్టీసీ సిటీ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణము ఏర్పడినది. మెట్రోకు వలసిన విద్యుత్తులో అధికభాగము బొగ్గునుండి వచ్చుచున్నది గదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని ఒక్కనికై ఒక్క యంత్రము మండుట వేరు, వందలమందికి ఒక్క బండి నడచుట వేరు. పంక్తిభోజనమున కట్టెలు కలిసివచ్చునని వంటవానికి తెలియును.

దేశకాలపాత్రముల నెరిగినదే ధర్మము. వృద్ధురాలైన తల్లిని ఆసుపత్రికి ఆటోలో తీసికొనిపోవుట దోషము కాదు. అట్టిచోట నడువుమనుట నిర్దయ. ఆరోగ్యవంతుడు పాలప్యాకెట్టుకై కారు తీయుటయే విచారింపవలసినది. దానికి కారణము తరచుగా అవసరము కాదు, నామోషీ. అలిపిరినుండి తిరుమల మెట్లెక్కిన భక్తుడు ఆ శ్రమను పుణ్యమని ఎంచి నలుగురికి చెప్పుకొనును. కొండమీద పుణ్యమైన నడక తార్నాక వీధిలో అవమానమెట్లగును? స్వామి అక్కడ ఉండి ఇక్కడ లేడా?

కావున గృహస్థుడు చిన్న సంకల్పముతో ప్రారంభింపవలెను. పొట్టకు ఏకాదశి ఉన్నట్లే బండికి వారమున ఒక దినము ఉపవాసముండవలెను. పిమ్మట దగ్గరి దారులు కాళ్లకు, దూరపు దారులు రైలునకు, బస్సునకు అప్పగింపవలెను. ఆ ఇంటి తండ్రి నడచి, కుమారుడు మెట్రో నెక్కినచో, ఏడాదికి 280 లీటర్ల పెట్రోలు మండక మిగులును.

పితృదేవతలకు నువ్వులు, నీళ్లు విడుచు చేతులకు రాబోవువారిపట్లను ఒక విధి గలదు. వారికి తర్పణము అక్కరలేదు. పీల్చుటకు గాలి వలెను. దానిని శుభ్రముగా విడిచిపోవుటయే వారికి ఈయదగిన ఆశీర్వాదము.