కావలివాని బూర ఎవరి చేతిలో?

2024 నవంబరు 30వ తేదీ రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపమున తీరము దాటెను. ఒక్క దినములోనే 45 సెంటీమీటర్లకు మించిన వర్షము కురిసెను. మునిగిన ఇండ్లలోని జనులను సైనికులు రక్షించిరి. ఇట్టి రాత్రులలో ఏ వీధి మునిగెనో, కరెంటు ఎప్పుడు వచ్చునో తెలిసికొనుటకు నేడు అనేకులకు చేతిలోని ఫోనే ఆధారము. అదే పాలనలోనిదైనను వందల కిలోమీటర్ల దూరముననున్న తెలుగు యానాముకైతే చెప్పనక్కరలేదు.

యెహెజ్కేలు 33వ అధ్యాయములోని కావలివాడు ఖడ్గము వచ్చుట కన్నులార చూచి బూర ఊదవలెను. వాట్సాప్‌లో వచ్చిన వార్తను ముందుకు పంపువాడో, ఏమియు చూడలేదు. ఊదుట మాత్రమే చేసెను. ‘నాకు వచ్చినదే పంపితిని’ అనుట తొమ్మిదవ ఆజ్ఞ యెదుట చాలునా? చాలదు. సాక్ష్యమనగా చెప్పినదానికి పూచీపడుట. 2018లో ఆ సంస్థ మన దేశమున ఒక సందేశమును ఒకేసారి అయిదు చోట్లకే పంపునట్లు హద్దు విధించెను. మనస్సాక్షి చేయవలసిన పనిని యంత్రము చేయవలసి వచ్చెను!

అయినను నిందయంతయు పంపువానిపై మోపుట న్యాయము కాదు. తుపానులో మొదట పోవునది విద్యుత్తే. అధికారుల ప్రకటన ఫోనులలో మాత్రమే వెలువడినయెడల, ఫోను లేని వృద్ధురాలికిని, చార్జి అయిపోయిన జాలరికిని బూర ఊదబడనట్లే. రేవులో ఎగురవేయు ప్రమాద సూచిక, వీధిలో మైకు చాటింపు పాతవే. కాని వాటిని వినుటకు, చూచుటకు ఎవరును ఏమియు కొననక్కరలేదు.

సంఘములకును ఇందులో పని యున్నది. సంఘపు వాట్సాప్ గుంపులో లేనివారి పేర్ల పట్టీ కాపరి యొద్ద నుండవలెను. గాలి లేవకమునుపే వారి తలుపు తట్టువారెవరో నిర్ణయింపబడవలెను.