అతిగా తిన్న మరుసటి ఉదయం: పస్తు ప్రాయశ్చిత్తం అవుతుందా?



ఏకాదశి గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఎలా ఉండాలి, ఏం తినొచ్చు, పారణ ఎప్పుడు చేయాలి, ఇలాంటివన్నీ. ఈ పోస్టులో మాత్రం ఉపవాసం పేరు చెప్పి చాలామంది యువతీయువకులు గుట్టుగా చేసుకుంటున్న ఒక పని గురించి చూద్దాం. రాత్రి ఆపుకోలేక విపరీతంగా తినేయడం, ఆ తప్పు కడిగేసుకోవాలని మర్నాడంతా పస్తు ఉండటం. ఇది నిజంగా ప్రాయశ్చిత్తమేనా? ధర్మం దీన్ని ఒప్పుకుంటుందా?

అసలు ఏం జరుగుతుందో ముందు చూద్దాం. డోన్ నుంచి ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చిన ఒక అమ్మాయి అనుకోండి. వారమంతా డైట్. పొద్దున కాఫీ, మధ్యాహ్నం నాలుగు కీరా ముక్కలు. శుక్రవారం ఆఫీసులో మాట పడింది. రూమ్‌కి వచ్చేసరికి ఎవరూ లేరు. ఇంటి నుంచి అమ్మ పంపిన డబ్బా తీసి, ఒక్క కజ్జికాయ అనుకుంది. అరగంటలో డబ్బా ఖాళీ. తర్వాత వేయించిన బుడ్డలు, బొరుగులు, ఆపైన స్విగ్గీలో బిర్యానీ. రుచి తెలియడం ఎప్పుడో ఆగిపోయింది, చెయ్యి మాత్రం ఆగలేదు. ఆ తర్వాత కడుపునొప్పి, ఏడుపు. కవర్లన్నీ చెత్తబుట్ట అడుగున దాచేసింది. పడుకునే ముందు ఒక ఒట్టు: "రేపంతా నీళ్లు తప్ప ఏమీ ముట్టను."

పండక్కి రెండు ఓళిగలు ఎక్కువ తినడం వేరు, ఇది వేరు. ఇక్కడ "ఆపలేకపోతున్నాను" అన్న భయం ఉంటుంది, దాచుకోవాలన్న సిగ్గు ఉంటుంది. దీన్నే బింజ్ ఈటింగ్ అంటున్నారు. ఇలా వారానికి ఒక్కసారైనా, మూడు నెలల పాటు జరుగుతూ ఉంటే అది వైద్యం అవసరమైన రుగ్మత కావచ్చు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తమ డీఎస్ఎం-5 గ్రంథంలో దీన్ని విడిగా గుర్తించింది. కాబట్టి "నాకు బుద్ధి లేదు, నోటికి అదుపు లేదు" అని తిట్టుకునే ముందు కాస్త ఆగండి.

సీమ బిడ్డకి ఈ సిగ్గు ఎందుకు ఇంకా బరువు?

డోన్ ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది, 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. వాన తక్కువ నేల. మన పెద్దవాళ్లకి కరువు అనేది పుస్తకంలో మాట కాదు. 1876-78 నాటి కరువు కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను దారుణంగా దెబ్బతీసింది. దాన్నే ధాత కరువు అంటారు. అలాంటి నేల మీద పెరిగిన ఇళ్లలో కంచంలో మెతుకు వదిలితే ఊరుకోరు. అన్నం కాలికి తగిలితే కళ్లకద్దుకుంటాం. ఇది గొప్ప సంస్కారం, సందేహం లేదు. కానీ ఆ సంస్కారంతో పెరిగిన పిల్ల ఒక రాత్రి నలుగురి తిండి తినేస్తే, తను ఏదో మహాపాపం చేసినట్టు కుమిలిపోతుంది. అందుకే శిక్ష కూడా పెద్దదే వేసుకుంటుంది.

ఆ కరువుల చరిత్రే ఈ శిక్ష గురించి మనకి ఒక మాట చెబుతుంది.

అన్నం పెట్టడంలో రెండు పద్ధతులు

1877 జనవరిలో బ్రిటిష్ ప్రభుత్వం సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని కరువు వ్యవహారాలు చూడమని మద్రాసు ప్రెసిడెన్సీకి పంపింది. ఖర్చు తగ్గించడం ఆయన లక్ష్యం. కరువు పనుల్లో చాకిరీ చేసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం కొనేంత డబ్బు, పైన ఒక అణా చాలన్నాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. ముందు పని చెయ్యి, నీకు సాయం నిజంగా అవసరమని నిరూపించుకో, అప్పుడు తిను. ఇదీ ఆ పద్ధతి. శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ఆ తిండితో ఆ పని చేస్తే మనిషి నిలబడలేడన్నాడు. చివరికి ఆ ఏడాదే కూలీ పెంచాల్సి వచ్చింది.

దానికి పదేళ్ల ముందు, 1866 కరువులో, మన ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి గారు గంజి కేంద్రాలు పెట్టి జనాన్ని బతికించారు. సొంత ధాన్యం, సొంత డబ్బు. విక్టోరియా రాణి బంగారు పతకం ఇచ్చి గౌరవించింది. సీమలో ఆయన పేరు ఇప్పటికీ దానానికి మారుపేరు. గంజి పోసేవాడు ఆకలి చూస్తాడు, యోగ్యత చూడడు. అన్నదానం అంటే మనకి తెలిసిన అర్థం ఇదే.

ఇప్పుడు ఆ అమ్మాయి మర్నాటి ఉదయానికి వద్దాం. "ఐదు కిలోమీటర్లు పరిగెత్తాకే టిఫిన్." "నిన్న అంత తిన్నావుగా, ఇవాళ నీకు అన్నం తినే అర్హత లేదు." ఈ గొంతు ఎవరిదో గుర్తుపట్టారా? అది టెంపుల్ దొర గొంతు. గుడిలో అన్నదానానికి వచ్చిన మనిషిని "నిన్న ఎంత తిన్నావ్?" అని అడగం కదా. మరి మనల్ని మనం ఎందుకు అడుగుతున్నాం?

గీత ఏమంటోంది?

ఆరో అధ్యాయంలో కృష్ణుడు రెండు వైపులా హెచ్చరిస్తాడు. అతిగా తినేవాడికి యోగం కుదరదు. అసలే తినకుండా ఉండేవాడికీ కుదరదు. ఈ రెండూ ఒకే శ్లోకంలో పక్కపక్కనే ఉన్నాయి. మనం మొదటి సగం పట్టుకుని రెండోది వదిలేస్తాం. రాత్రి మొదటి తప్పు చేసి, పగలు రెండో తప్పుతో దాన్ని సరిచేద్దాం అనుకుంటాం.

రెండో అధ్యాయంలో ఇంకా సూక్ష్మమైన మాట ఉంది. ఆహారం మానేసినవాడి నుంచి విషయాలు దూరమవుతాయి గానీ, వాటి మీద రుచి పోదు అంటాడు. అంటే బలవంతంగా నోరు కట్టేస్తే మనసులో తిండి ఇంకా పెద్దదవుతుంది. పదిహేడో అధ్యాయంలో శాస్త్రం చెప్పని ఘోరమైన తపస్సుతో శరీరాన్ని పీడించేవాళ్లు, లోపలున్న నన్ను కూడా పీడిస్తున్నారు అంటాడు. అది చదివాక పస్తుని భక్తి అనుకోవడం కష్టం.

సైన్స్ కూడా ఇదే చూసింది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకి ఆరు నెలల పాటు సుమారు సగం తిండి పెట్టాడు. వాళ్లందరూ ఇష్టపడి వచ్చినవాళ్లే. యుద్ధంలో ప్రాణం తీయడం తమ మనస్సాక్షికి విరుద్ధమని నిలబడినవాళ్లు. సంకల్పబలానికి లోటు లేదు. అయినా వాళ్ల ఆలోచనంతా తిండి చుట్టూనే తిరిగింది. కొందరు వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు. మళ్లీ కావలసినంత తిండి దొరికాక కొందరు ఎంత తిన్నా తృప్తి తెలియని స్థితికి వెళ్లారు. ఆకలితో ఉంచిన శరీరం దొరికినప్పుడు దోచుకుంటుంది. కాబట్టి రేపటి పస్తు ఎల్లుండి రాత్రి బింజ్‌కి పునాది వేస్తుంది.

"అయితే పశ్చాత్తాపం వద్దా?"

న్యాయమైన ప్రశ్న. తప్పు అనిపించింది కాబట్టి బాధ పడటం సహజం. కానీ ప్రాయశ్చిత్తం ఎందుకు? ఆ పని మళ్లీ జరగకుండా ఉండటానికి. ఏ శిక్ష వల్ల ఆ పనే మళ్లీ మళ్లీ జరుగుతోందో, దాన్ని ప్రాయశ్చిత్తం అని ఎలా అంటాం? నిజానికి పస్తు ఉండటం తేలిక, అందులో ఒక హీరోయిజం ఉంటుంది. ఏమీ జరగనట్టు ఎనిమిదిన్నరకి కూర్చుని రెండు ఇడ్లీలు తినడమే కష్టం. అహంకారం కరిగేది అక్కడే.

మరుసటి ఉదయం ఏం చేయాలి?

• టైముకి తినండి. ఆకలి లేకపోయినా కొంచెమైనా సరే. ఉగ్గాణి, ఇడ్లీ, సంగటి, జొన్నరొట్టె, ఇంట్లో ఏది మామూలో అదే. ఆక్స్‌ఫర్డ్ వైద్యుడు క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ చికిత్స కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది: రోజుకు మూడు పూటలు, మధ్యలో రెండు చిన్న ఫలహారాలు, మూడు నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉంచకపోవడం.

• ఆ రోజు బరువు చూసుకోవద్దు.

• నిన్న బింజ్‌కి ముందు ఏం జరిగిందో రెండు లైన్లు రాసుకోండి. ఆకలా, ఒంటరితనమా, ఎవరి మాటైనా తగిలిందా? తిట్లు రాయొద్దు, జరిగింది మాత్రం రాయండి.

• ఒక్కరికి చెప్పండి. అక్కకో, రూమ్మేట్‌కో. రహస్యం ఉన్నంతకాలం ఈ చక్రానికి బలం ఉంటుంది.

• కొన్నాళ్లు ఏకాదశి ఉపవాసం పక్కన పెట్టినా దోషం లేదు. నీళ్లు, పండ్లు, పాలు, మందు వ్రతాన్ని భంగం చేయవని మహాభారతమే చెబుతోంది. ఉపవాసం అంటే దేవుడికి దగ్గరగా ఉండటం. ఆ రోజు జపం చేయండి, అన్నం తినండి.

తరచూ ఇలా జరుగుతున్నా, తిన్నది కక్కేయాలని చూస్తున్నా, విరేచనాల మాత్రలు వాడుతున్నా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ టెలీ-మానస్ నంబర్ 14416కి ఏ టైములోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. షుగర్ ఉన్నవాళ్లు అయితే పస్తు ప్రయోగాలు అసలే వద్దు.

ఇదంతా చేసినా మళ్లీ ఒక రాత్రి జారిపోవచ్చు. అప్పుడూ చేయాల్సింది ఇదే, తర్వాతి పూట అన్నం. రెండు బింజ్‌ల మధ్య ఎడం పెరుగుతూ పోవడమే కోలుకోవడం.

ఊర్నుంచి ఫోన్ వస్తే అవ్వ మొదట అడిగేది ఒకటే మాట, "అన్నం తింటివా నాయనా?" రేపు పొద్దున మీ లోపల ఆ గొంతు వినపడాలని కోరుకుంటూ,

శుభం.