కత్తి ఎవరిదైతేనేం?

2019 జులైలో మొరాకో పార్లమెంటు దిగువ సభ ఒక విద్యా చట్టాన్ని ఆమోదించింది. లెక్కలు, సైన్సు వంటి పాఠాలను ఫ్రెంచి లాంటి పరభాషల్లో చెప్పడానికి అది దారి తెరిచింది. అప్పట్లో ప్రభుత్వాన్ని నడుపుతున్న ఇస్లామిక్ పార్టీ సభ్యులే చాలామంది భాషకు సంబంధించిన నిబంధనల మీద అవుననీ అనలేదు, కాదనీ అనలేదు, తటస్థంగా ఉండిపోయారు. అదే పార్టీకి చెందిన మాజీ ప్రధాని బెన్‌కిరానే మాత్రం చట్టాన్ని బాహాటంగా తప్పుపట్టారు. వలస పాలకుల భాషను మళ్లీ బడిలోకి పిలవడమంటే అరబ్ అస్తిత్వాన్ని చేజేతులా వదులుకోవడమేనని వ్యతిరేకుల వాదన.

మరి అంతకుముందు అక్కడ ఏం జరిగేది? హైస్కూలు ముగిసేదాకా పిల్లలు సైన్సు అరబ్బీలో చదివేవారు. యూనివర్సిటీ గడప తొక్కగానే అదే సైన్సు ఫ్రెంచిలో ఎదురయ్యేది. స్థోమత ఉన్నవాళ్లు తమ పిల్లల్ని మొదటినుంచీ ఫ్రెంచి బడులకే పంపేవారు కాబట్టి దెబ్బంతా సర్కారు బడి పిల్లల మీదే పడేది. అందులోనూ ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడేది దారిజా యాసో, అమాజీగ్ భాషో. పుస్తకాల అరబ్బీ కూడా వాళ్లు బడికెళ్లి నేర్చుకున్నదే. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి ఇంజినీరింగ్‌లో చేరిన వాళ్లకు ఈ అవస్థ విడమరిచి చెప్పనక్కర్లేదు.

పరాయి వాళ్ల విద్య పుచ్చుకుంటే మనం మనంగా మిగులుతామా అన్న ప్రశ్న ఆ గడ్డకు కొత్తది కాదు. కొర్డోబాలో ఖాజీగా పనిచేసిన ఇబ్న్ రుష్ద్ 1198లో కన్నుమూసింది మొరాకోలోని మరాకేష్‌లోనే. తత్వశాస్త్రం చదవడం షరియా ప్రకారం నిషిద్ధమా, అనుమతించదగినదా, విధా అన్న మీమాంసను ఆయన ‘ఫస్ల్ అల్ మఖాల్’ అనే చిన్న గ్రంథంలో న్యాయమూర్తిగానే విచారించాడు. అర్హత ఉన్నవాళ్లకు అది విధి అని తేల్చాడు. గ్రీకులు ముస్లింలు కారు కదా అనేవాళ్లకు ఖుర్బానీ కత్తిని చూపించాడు. జంతువును కోసే పరికరం సవ్యంగా ఉందా లేదా అన్నదే చూస్తారు తప్ప, అది మన మతస్థుడిదా కాదా అని అడగరు. తర్కమూ అంతే.

అరబ్ దేశాల్లో చదువుల సంస్కరణ కోరేవాళ్లకు ఇంతకన్నా పదునైన వాదం దొరకదు. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. ఇబ్న్ రుష్ద్‌కు గ్రీకు రాదు. అరిస్టాటిల్‌ను ఆయన చదివింది, వ్యాఖ్యానించింది అరబ్బీలోనే. కత్తి ఎవరిదైనా ఫర్వాలేదని ఆయన అంత ధీమాగా అనగలిగాడంటే, దానికి అరబ్బీ పిడి వేసినవాళ్లు మూడు శతాబ్దాల ముందే ఉన్నారు.

వాళ్లలో పెద్ద పేరు హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్. తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్ వైద్యుడు, నెస్టోరియన్ క్రైస్తవుడు. గాలెన్ వైద్య గ్రంథం ఒకటి చేతికొస్తే వెంటనే అనువాదానికి కూర్చునేవాడు కాదు. దాని గ్రీకు ప్రతులు మరికొన్ని వెతికి తెచ్చి, పక్కపక్కన పెట్టి తప్పులు దిద్దుకున్నాకే మొదలుపెట్టేవాడు. కుర్రతనంలో చేసిన అనువాదాలు నచ్చక మళ్లీ చేసినవీ ఉన్నాయి. ఖలీఫాలు, సంపన్నులు ఈ పనికి డబ్బు పోశారు.

వెయ్యేళ్ల తర్వాత ఈజిప్టులో ఇదే పని మరో రూపంలో జరిగింది. ముహమ్మద్ అలీ పాషా పాలనలో ఫ్రెంచి డాక్టరు క్లో బే 1827లో అబూ జాబల్‌లో వైద్య పాఠశాల తెరిచాడు. ఆయన ఫ్రెంచిలో చెబుతుంటే దుబాసీ అరబ్బీలోకి మార్చేవాడు. పాఠ్యపుస్తకాల అనువాదాల్లో భాష దిద్దడానికి అల్ అజ్‌హర్‌లో చదివిన షేక్‌లను జీతమిచ్చి పెట్టుకున్నారు. ఆ పుస్తకాలు బూలాక్ ముద్రణాలయంలో అచ్చయ్యేవి. పారిస్ వెళ్లిన విద్యార్థి బృందానికి ఇమాముగా తోడు పంపిన తహ్తావీ, తిరిగొచ్చాక 1835లో ఏర్పడిన భాషల పాఠశాలను నడిపాడు. మతం అక్కడ కాపలా కాస్తూ కూర్చోలేదు, ప్రూఫులు దిద్దింది. 1882లో బ్రిటిష్ ఆక్రమణ వచ్చాక వైద్య విద్య ఇంగ్లిషుకు మారిపోయింది.

సిరియాలోని డమాస్కస్ మాత్రం దారి మార్చుకోలేదు. 1919 నుంచీ అక్కడ వైద్యం అరబ్బీలోనే నేర్పుతున్నారు. అరబ్బీలో చదివితే పైకి రాలేరన్న మాటకు జర్మనీ ఆసుపత్రులే జవాబు. అక్కడి విదేశీ డాక్టర్లలో సిరియన్లదే పెద్ద సంఖ్య. ఇక 2009లో సౌదీ రాజు ఎర్రసముద్రం ఒడ్డున స్థాపించిన పరిశోధనా విశ్వవిద్యాలయం కౌస్ట్‌లో బోధనంతా ఇంగ్లిషే. ఖతార్ 2012లో తన జాతీయ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం, మాస్ కమ్యూనికేషన్ లాంటి కొన్ని విభాగాలను ఇంగ్లిషు నుంచి అరబ్బీకి మళ్లించింది. సైన్సు జోలికి పోలేదు.

అస్తిత్వానికి అసలు ముప్పు ఈ పంపకంలోనే ఉంది. ప్రయోగశాల ఒక భాషకు, ప్రార్థన, కవిత్వం, కోర్టు మరో భాషకు వెళ్లిపోతే, ఆ రెండో భాష ఎంత పవిత్రమైనా కొత్త ఆలోచన పుట్టే చోటు కాకుండా పోతుంది. హైదరాబాదులో ఇది కళ్లెదుటే జరిగింది. ఉర్దూ మాధ్యమంతో 1918లో మొదలైన ఉస్మానియా తన తర్జుమా విభాగంలో శాస్త్ర పరిభాషను ఎక్కువగా అరబ్బీ, ఫారసీ ధాతువుల నుంచే తయారు చేసుకుంది. నిజాం పాలన పోయాక అక్కడ బోధన ఇంగ్లిషులోకి మారింది. ఆ తర్వాత, 1954–56 మధ్య, అదే నగరంలోని దాయిరతుల్ మారిఫ్ సంస్థ అల్ బిరూనీ ఖగోళ గ్రంథం ‘అల్ ఖానూన్ అల్ మస్ఊదీ’ని మూడు సంపుటాలుగా అచ్చు వేసింది. వారసత్వం భద్రంగానే ఉంది. దాన్ని ముందుకు నడిపే తరగతి గది లేదు.

కాబట్టి అరబ్బీయా ఫ్రెంచా అని ఓటింగు పెట్టడం సగం పనే. కౌస్ట్‌లో పగడాల మీద, ఉప్పునీటిని మంచినీరు చేయడం మీద జరుగుతున్న పరిశోధన జెద్దాలోని బడి పంతులు చేతికి మంచి అరబ్బీలో అందాలంటే, విషయం తెలిసిన అనువాదకులు కావాలి, వాళ్ల రాత దిద్దేవాళ్లు కావాలి, వాళ్లకు నెల తిరిగేసరికి జీతం రావాలి. బాగ్దాద్‌లో ఆ ఖర్చు ఖలీఫాలు పెట్టుకున్నారు, బూలాక్‌లో పాషా పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ పద్దు ఏ మంత్రిత్వ శాఖ కింద రాస్తారన్నది రబాత్‌లోనూ రియాద్‌లోనూ అడగాల్సిన ప్రశ్న.