గాలి కాదు, పురుగు

ఎవరికైనా ఫిట్స్ వస్తే మన పల్లెల్లో ఇప్పటికీ చేతిలో తాళాలగుత్తి పెడతాం. మనిషి పొంతన లేకుండా మాట్లాడితే గాలి సోకిందంటాం. ఆ గాలి ఒక్కోసారి పంది బద్దెపురుగు. దాని గుడ్లు కడగని చేతులు, ఆకుకూరలు, మురికినీళ్ల ద్వారా కడుపులోకి చేరితే పిల్లపురుగులు రక్తంలో కలిసి మెదడుకెక్కి తిత్తులు కడతాయి. ఫిట్స్ వస్తాయి. కొందరిలో దిగులు, మతిమరుపు, లేని గొంతులు వినిపించడం కూడా ఉంటాయి. పంది మాంసం ముట్టని ఇంట్లోనూ ఈ జబ్బు వస్తుంది. ఎందుకంటే ఆ గుడ్లు బద్దెపురుగు ఉన్న మనిషి మలంలోంచి వస్తాయి.

కర్నూలు జిల్లా హాలహర్వి, కోసిగి వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు వలసపోయే కుటుంబాలు పిల్లలతో సహా పొలాల దగ్గర గుడారాల్లో ఉంటాయి. ఆ గుడ్లు వ్యాపించకుండా వాళ్లకు మరుగుదొడ్డి, సబ్బు, మంచినీళ్లు ఏర్పాటు చేయడం పనికి పిలిచినవాళ్ల బాధ్యత.

ఫిట్స్ వచ్చిన మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. 108కి ఫోన్ చేయండి. తర్వాత కర్నూలు పెద్దాసుపత్రిలో మెదడు స్కాన్ గురించి అడగండి. తిత్తులు కనిపిస్తే మందులున్నాయి. డాక్టరు చెప్పకుండా మాత్రం నులిపురుగుల మాత్ర మింగించకండి. తిత్తులు చచ్చేటప్పుడు మెదడు వాచే ప్రమాదం ఉంది.